గంజి కేంద్రం ఎత్తేసిన తెల్లారి

(కూలీలు, చిన్న రైతులు, బడి వంట అక్కలు, సంఘాల కార్యకర్తలు కూడిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం.)



కరువొచ్చిందనుకోండి, వరదొచ్చిందనుకోండి, 2020లో లాగా రోగమొచ్చి దేశమే మూతబడిందనుకోండి. ఆ దెబ్బ తగిలిన రోజున మన వాడకు అందరూ వస్తరు. కలెక్టరు వస్తడు, ఎమ్మెల్యే వస్తడు, పేపరోళ్ళు వస్తరు, పులిహోర పొట్లాలు వస్తయి. ఏనాడూ వాడ తొవ్వ తొక్కని కార్లు ఆనాడు బురదలో దిగబడతయి. వారం గడిస్తే ఎవరి దారిన వాళ్ళు పోతరు. పోయిన తెల్లారి మన పిల్ల లేచి అమ్మా ఆకలైతుందంటది. మేం మాట్లాడేది ఆ తెల్లారి గురించి.

2002లో వాన ఎగ్గొట్టింది. దేశం మొత్తం మీద పడాల్సిన నైరుతి వానల్లో 19 శాతం తక్కువ పడింది. ఆ తర్వాతి ఎండకాలం మహబూబ్‌నగర్‌లో, అనంతపురంలో గంజి కేంద్రాలు లేచినయి. ముసలోళ్ళూ పిల్లలూ గిన్నెలు పట్టుకొని వరుస కట్టిండ్రు. అంతకు ముందు ఏడాదే, 2002 జూలై నాటికి, సర్కారు గోదాముల్లో 6 కోట్ల టన్నులకు పైన బియ్యం, గోధుమలు మూలుగుతున్నయి. అంటే గింజ లేక రాలేదు ఆ ఆకలి. గింజకూ మన గిన్నెకూ నడుమ భూమి ఉన్నోడు, షాపు ఉన్నోడు, సంతకం ఉన్నోడు నిలబడ్డరు గనుక వచ్చింది. గంజి పోసిన చేతుల్ని మేం తప్పు పట్టం. ఆకలిగొన్న బిడ్డకు సిద్ధాంతం చెప్పలేం గదా. కానీ గంజి కేంద్రం ఎత్తేసిన తెల్లారి పొయ్యి ఎట్ల మండుతదో ఆ రోజే అడిగి ఉండాల్సింది. అడిగినోళ్ళు తక్కువ.

విపత్తుకు కులం లేదంటరు. వరద నీళ్ళకు కులం లేకపోవచ్చు, నీళ్ళు చేరే పల్లానికి ఉంది. ఊరు మెరక మీద, వాడ పల్లంలో. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో వేలమంది పోయారు. మట్టి గోడల గుడిసెల్లో ఉన్న కూలీ జనమే ఎక్కువగా కొట్టుకుపోయారు. 2004 డిసెంబర్ సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం శిబిరాల్లో దళితులను కలిసి ఉండనీయలేదనీ, నీళ్ళ దగ్గర అడ్డుకున్నారనీ ఎన్నో నివేదికలు వచ్చాయి. చావు దగ్గర లేని తేడా బియ్యం పంపకం దగ్గర మళ్ళీ లేచి కూర్చుంది.

ఈ పోరాటం ఇయ్యాల మొదలైంది కాదు. 1876 నుంచి 1878 దాకా దక్కన్‌నూ మద్రాసు రాజధానినీ మాడ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు శవాల దిబ్బలయ్యాయి. తెల్లదొరల సర్కారు పని శిబిరాల్లో రోజంతా రాళ్ళు కొట్టిన మనిషికి ఒక పౌను గింజలు, ఇంత చిల్లర ఇచ్చి సరిపెట్టింది. రేవుల నుంచి ఓడలు మాత్రం ధాన్యం ఎత్తుకొని పోతూనే ఉన్నాయి. అదే కరువులో పూనా వైపు జోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఫూలే సత్యశోధక సమాజం తరఫున కరువు పిల్లలకు అన్నం పెట్టారు. 1877లో సావిత్రిబాయి ఓతూరు నుంచి భర్తకు రాసిన ఉత్తరంలో కరువు బాధ ఒక్కటే లేదు. కరువును సొమ్ము చేసుకుంటున్న షావుకార్ల దుర్మార్గం గురించి కూడా రాసింది ఆ తల్లి. పిల్లలకు అన్నం పెట్టడం, అప్పులోళ్ళతో కొట్లాడటం ఆమెకు వేరువేరు పనులు గావు. మనకు చదువు నేర్పిన తల్లి అని దండేస్తున్నాం, మంచిదే. ఆమె చేతిలో గరిటె కూడా ఉండేదని మన సభల్లో చెప్పుకునేది తక్కువ.

ఇప్పుడు మన పక్కకే వద్దాం. పాత మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతం. అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆసరాతో ఊరూరా ఆడోళ్ళ సంఘాలు ఏర్పడ్డాయి. వాళ్ళు సంగం అంటరు. సంగంలో ఉన్నది ఎక్కువగా మాదిగ, మాల ఆడోళ్ళు, సుమారు 75 ఊళ్ళల్లో. వాళ్ళల్లో కొందరికి భూమి ఉంది, పేరుకు. సర్కారు పట్టా ఇచ్చిన భూమి అంటే మనకు తెలియంది కాదు. రాళ్ళు, పరిక కంపలు, గుట్ట వాలు. నాగలి దిగదు, దిగితే కర్రు ఇరుగుతది. పైగా 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని మేం కాదనం. కానీ బియ్యం షాపులో దొరుకుతుంటే జొన్న వేసేదెవరు? చెలకలు పడావు పడ్డాయి. పడావు పడ్డ చెలక అంటే పోయింది జొన్న ఒక్కటే గాదు, పశువుల మేత పోయింది, కూలి పోయింది, చెలకలో దానంతటదే మొలిచే గునుగు కూర, దొగ్గలి కూర పోయినయి.

1990ల నడుమ ఈ ఆడోళ్ళు ఒక పని చేశారు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ దగ్గర సొమ్ము తెచ్చి, ముప్ఫై దాకా ఊళ్ళల్లో పడావు భూముల్ని లెక్క తీశారు. భూమిగల పేదింటికి ఎకరాకు ఇంత అని అప్పు ఇచ్చారు. ఒక్కసారి చేతిలో పోయలేదు. దున్నకానికి కొంత, పెంటకు కొంత, విత్తుకు కొంత, కలుపుకు కొంత. తిరిగి కట్టాల్సింది పైసలు గాదు, జొన్నలు. కొన్నేండ్ల మీద విడతలుగా కట్టాలి. ఆ జొన్నలు ఏ పట్నం గోదాముకూ పోలేదు. ఊళ్ళోనే నిల్వ పెట్టారు, బూడిద, వేపాకు కలిపి.

ఆ తర్వాత చేసిన పని వినండి, సంఘం నడిపేటోళ్ళు మరీ వినండి. ఎవరు పేదోళ్ళో తేల్చింది ఆఫీసరు గాదు. సంగం ఆడోళ్ళు ఊరు నడుమ నేల మీద ముగ్గుపిండితో, రంగులతో ఊరి పటం గీశారు. ఇల్లిల్లూ గుర్తు పెట్టారు. ఈ ఇంట్లో సంపాదించే మనిషి ఉన్నాడా, భూమి ఉందా, పిల్లలు పనికి పోతున్నారా బడికి పోతున్నారా, ముసలామె ఒక్కతే ఉందా, అందరి ముందు మాట్లాడి నిర్ణయించారు. ఎంత పేదదైతే ఆ ఇంటికి అంత ఎక్కువ జొన్నలు, బజారు కన్నా అగ్గువ ధరకు. అది కూడా ఎప్పుడు? వానకాలంలో, పాత గింజ అయిపోయి కొత్త పంట చేతికి రాని నెలల్లో. పిల్లల డొక్కలు లోపలికి పోయేది ఆ నెలల్లోనే అని ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు, మన అమ్మలకు తెలుసు. తెల్ల కార్డు ఎవరికి ఇవ్వాలో సర్కారుకు ఎప్పుడూ సరిగ్గా తేలలేదు. అక్షరం రాని ఆడోళ్ళు ముగ్గు వేసి తేల్చారు.

భూమి లేనోళ్ళు ఏం చేశారంటే, పది పదిహేను మంది కలిసి కౌలుకు పట్టారు. ఒక్క చెలకలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుములు, నువ్వులు, పదీ పదిహేను రకాలు కలిపి చల్లారు. వాన వెనకైతే ఒకటి పోతది, ఇంకొకటి నిలుస్తది. అన్నీ పోయే కరువు అరుదు. పత్తి ఒక్కటే పెట్టినోడికి ఆ ధీమా లేదు. విత్తనం షాపులో కొనలేదు, ఇంట్లో బుట్టల్లో దాచింది ఒకరికొకరు బదులు ఇచ్చుకున్నారు. ఏటా ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర తీస్తరు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఈక్వేటర్ బహుమతి ఇచ్చారు. బహుమతి వచ్చిన తర్వాత చూసిపోయేటోళ్ళు పెరిగారు. పోయి అదే పని తమ ఊళ్ళో చేసినోళ్ళ లెక్క మాత్రం ఎవరూ అడగరు.

సామూహిక సేద్యం అంటే అంతా పాలూ తేనె అని మేం చెప్పం. బీనా అగర్వాల్ అనే పండితురాలు కేరళలో, తెలంగాణలో ఆడోళ్ళ బృంద సేద్యాన్ని ఏండ్ల తరబడి లెక్క కట్టి చూసింది. కేరళలో కుటుంబశ్రీ బృందాలు ఒంటి రైతులను దాటిపోయాయి. తెలంగాణలో బృందాలు దిగుబడిలో ఒంటి రైతుల కన్నా వెనకపడ్డాయి. ఖర్చులు తీసేస్తే మిగులు మాత్రం సమానంగా వచ్చింది. ఎందుకు వెనకపడ్డాయి? మనోళ్ళకు కౌలుకు దొరికేది ఎవరికీ పనికిరాని భూమి. నాగలి, ఎడ్లు అందరి దుక్కీ అయినాక ఆఖరున వస్తయి. అదునుకు విత్తు పడదు. కేరళలో బ్యాంకు అప్పు, శిక్షణ, పంచాయతీ అండ ఉన్నాయి. మన దగ్గర ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు ఉండి, ప్రాజెక్టుతోనే పోయాయి. కాబట్టి మన వాడల్లో ఎవరన్నా లేచి, ఆడోళ్ళకు కలిసి చేసే తెలివి లేదు, కొట్లాడుకుంటరు అంటే, తెలివి సంగతి కాదన్నా, ఎడ్ల సంగతి అని చెప్పండి.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ మాట రాజ్యాంగం పూర్తికాక ముందే రాసిపెట్టాడు. 1947లో అచ్చయిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో వ్యవసాయం రాజ్యం చేతిలో ఉండాలన్నాడు. భూమిని ఊరి జనానికి కులమతాల తేడా లేకుండా ఇచ్చి ఉమ్మడిగా సాగు చేయించాలన్నాడు. భూస్వామీ, కౌలుదారూ, భూమి లేని కూలీ అనేవాళ్ళే ఉండకూడదన్నాడు. పెట్టుబడి, ఎడ్లు, విత్తనం రాజ్యమే సమకూర్చాలని కూడా రాశాడు. అంటే పైన చెప్పిన ఎడ్ల సంగతి ఆయనకు ముందే తెలుసు. మనకు ఆయన రిజర్వేషన్లు గుర్తున్నాయి, ఈ పుటలు గుర్తు లేవు. ఇటు 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. అది ఉండగానే ఎన్ని ఎకరాలు చేతులు మారాయో మీ మీ ఊళ్ళల్లో మీకే ఎరుక. 2014లో తెలంగాణలో దళిత కుటుంబానికి మూడెకరాలు అన్నారు, కొన్ని వేల కుటుంబాల దగ్గర ఆ ముచ్చట ఆగిపోయింది.

ఇగ బడి గురించి. ఇక్కడ చట్టం మన వైపు చాలా ఉంది, మనమే వాడుకోవడం లేదు. అందుకే వివరంగా చెబుతాం, రాసుకునేటోళ్ళు రాసుకోండి.

1995 ఆగస్టు 15న కేంద్రం పథకం పెట్టింది గానీ చాలా రాష్ట్రాలు అన్నం వండలేదు. హాజరు ఉన్న పిల్లకు నెలకు మూడు కిలోల గింజ ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. 2001లో పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. గోదాముల్లో గింజ కుళ్ళుతుంటే జనం పస్తులేంటని సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ఏడు నవంబర్ 28న కోర్టు, వండిన భోజనమే పెట్టాలి అని ఆజ్ఞ ఇచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బళ్ళల్లో పొయ్యి వెలిగింది. 2004 ఏప్రిల్ 20న అదే కేసులో ఇంకో ఆజ్ఞ వచ్చింది. అందులో రెండు మాటలు మనకోసమే అన్నట్టున్నాయి. వంటమనుషులుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలి, ఇది ఒకటి. కరువు ప్రాంతాల్లో ఎండకాలం సెలవుల్లో కూడా భోజనం పెట్టాలి, ఇది రెండు. 2015-16 కరువులో చాలా రాష్ట్రాలు ఈ రెండో మాట మరిచిపోయాయి. స్వరాజ్ అభియాన్ వేసిన కేసులో 2016 మే 13న సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. కరువు ప్రాంతాల్లో వేసవి భోజనం పెట్టాలి, గుడ్డో పాలో కూడా ఇవ్వాలి, పైసలు లేవనే సాకు చెల్లదు అన్నది.

దీంట్లో ఒక మెలిక ఉంది. కరువు మండలం అని సర్కారు ప్రకటిస్తేనే వేసవి భోజనం. కరువు ప్రకటన అంటే పంట నష్టం డబ్బులు, అది భూమి ఉన్నోళ్ళ గొడవ, మనకెందుకు అనుకుంటం. తప్పు. మండలం పేరు ఆ జాబితాలో లేకపోతే ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ దాకా మన పిల్ల మధ్యాహ్నం పస్తు. కనుక ఆ అర్జీ మీద మొదటి వేలిముద్ర కూలీ తల్లిది ఉండాలి.

ఇంకొకటి. 2013 ఆహార భద్రతా చట్టం కింద 2015లో మధ్యాహ్న భోజన నియమాలు వచ్చాయి. బడి నడిచే రోజున బియ్యం రాలేదనో, బిల్లు రాలేదనో, వంటామె రాలేదనో, ఏ కారణంగానైనా అన్నం పెట్టకపోతే ఆ పిల్లకు గింజా వంట ఖర్చూ లెక్కగట్టి వచ్చే నెల 15వ తారీఖు లోపల ఇవ్వాలి. దీన్ని ఆహార భద్రతా భత్యం అంటారు. మీలో ఎవరికన్నా ఇది ముట్టిందా? చేతులెత్తండి. అందుకే చెబుతున్నాం.

2020 మార్చిలో బళ్ళు మూసినప్పుడు ఈ హక్కు ఎంత పలచనిదో తేలింది. మార్చి 18న సుప్రీంకోర్టు తనంత తానే రాష్ట్రాలను అడిగింది, బళ్ళు మూస్తే పిల్లల అన్నం సంగతేంటని. కొన్ని చోట్ల బియ్యం, గుడ్లు ఇంటికి చేరాయి. కొన్ని చోట్ల నెలల ఆలస్యం. కొన్ని చోట్ల అసలే లేదు. బడిలో తినే అన్నం బిడ్డ కడుపులోకే పోతది. ఇంటికొచ్చిన బియ్యం ఇల్లంతా పంచుకుంటది, అందులో ఆడపిల్ల వాటా ఎంతో మనందరికీ తెలుసు.

వంట చేసేదెవరన్నది చిన్న సంగతి అనుకోకండి. భారతీయ దళిత అధ్యయన సంస్థ ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాల్లో విచారించి చూస్తే, రాజస్థాన్‌లో దళిత వంటమనిషి ఉన్న ఊళ్ళు నూటికి ఎనిమిదే. మన ఆంధ్రలో అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నాయి, డ్వాక్రా సంఘాలకు వంట అప్పజెప్పడం వల్ల. అయినా మన దగ్గర కూడా పిల్లల్ని వేరే వరుసలో కూచోబెట్టడం, దళితామె వండితే టిఫిన్ డబ్బా తెచ్చుకోవడం ఉన్నాయి. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళితామె వండిందని పై కులాల పిల్లలు తినడం మానేశారు. ఆమెను తీసేశారు. అప్పుడు దళిత పిల్లలు, అట్లయితే పై కులపామె వండింది మేమూ తినం అన్నారు. దేశమంతా గొడవైతే ఆమెను మళ్ళీ పెట్టుకున్నారు. ఆ పిల్లలకు ఏ సంఘం నేర్పింది ఆ మాట? మనం వాళ్ళ దగ్గర కూచొని నేర్చుకోవాలె.

వంట అక్కలకు ఇచ్చేదెంత? 2009లో కేంద్రం నెలకు 1000 రూపాయలని, అదీ ఏడాదికి పది నెలలని పెట్టింది. పదేండ్లు దాటినా ఆ అంకె కదల్లేదు. మన రెండు రాష్ట్రాలు తర్వాత మూడు వేలకు పెంచాయి. బిల్లులు నెలల తరబడి రావు. కిరాణా కొట్టులో అప్పు ఆ అక్క పేరు మీద. విపత్తు వచ్చినప్పుడు బడే శిబిరమైతది, ఆ గిన్నెల్లోనే ఊరంతటికీ వండేది ఆ అక్కే. ఆ రోజుల కూలి ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఇప్పుడు రెండు తొవ్వలూ కలిసే చోటుకు వచ్చాం. ఒక పక్క మన చెలకలో జొన్న, కంది పండుతున్నాయి, కొనేటోడు దళారి. ఇంకో పక్క వాడ బడిలో పిల్లలకు వందల మైళ్ళ నుంచి బియ్యం వస్తున్నది, పప్పు నీళ్ళలో పప్పు వెతుక్కోవాలె. నూరు గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు 7 గ్రాముల దగ్గర, జొన్నలో 10 దగ్గర. బ్రెజిల్ దేశంలో 2009లో ఒక చట్టం చేశారు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే సొమ్ములో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల పంటే కొనాలని ఆనాటి చట్టంలో పెట్టారు. అందులోనూ ముందు వరుసలో భూసంస్కరణల్లో భూమి వచ్చినోళ్ళు, ఆదివాసులు, కిలొంబోలా సముదాయాలు. కిలొంబోలా అంటే దొరల తోటల నుంచి పారిపోయి అడవుల్లో ఊళ్ళు కట్టుకున్న నల్ల బానిసల వారసులు. వాళ్ళ పంట వాళ్ళ పిల్లల పళ్ళెంలోకి పోవాలని చట్టంలోనే రాశారు. మన దగ్గర అసైన్డ్ భూమి కంది, మాదిగ సంగం జొన్న వాడ బడికి కొనాలని ఒక్క జీవో లేదు. అది మన డిమాండ్ కావాలి. జీవో వచ్చేదాకా ఆగనక్కర లేదు. వారానికి ఒక్కరోజు జొన్న గటకో, కొర్ర అన్నమో సంఘం గింజతో పెట్టి చూపిస్తే, ఇది కుదరదు అనే ఆఫీసరు నోట్లో మాట ఆగిపోతది.

గింజ నిల్వ గురించి ఒక్క మాట. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు ఖమ్మాన్ని, బుడమేరు బెజవాడను ముంచినప్పుడు ఇండ్లల్లో దాచుకున్న బియ్యం రాత్రికి రాత్రి ముగ్గిపోయింది. సంఘం గింజ పల్లంలో పెట్టకండి. ఊళ్ళో మెరక మీద ఉన్న సర్కారు గది అడగండి. ఇవ్వకపోతే అదే మొదటి పోరాటం.

ఇక పనిలోకి దిగుదాం. ప్రతి వాడ నుంచి ఇద్దరు ఆడోళ్ళు, ఒక చదువుకున్న పిల్ల లేక పిల్లగాడు, ఈ పక్షం రోజుల్లో మూడు లెక్కలు తీయాలి. మనోళ్ళ పేరు మీద ఎంత భూమి ఉంది, అందులో పడావు ఎంత, ఎవరి కబ్జాలో ఎంత. బడిలో ఈ ఏడు అన్నం పెట్టని రోజులెన్ని, తారీఖులతో సహా. వంట అక్కకు రావాల్సిన బిల్లు ఎన్ని నెలలది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, అందులో సగం ఆడోళ్ళు, మన పిల్లల సంఖ్యను బట్టి మనోళ్ళు ఉండాలి. కమిటీలో మనోళ్ళ పేర్లు ఉన్నాయా, ఉంటే వాళ్ళకు ఆ సంగతి తెలుసా, అది కూడా కనుక్కోండి. చాలా చోట్ల సంతకం ఉంటది, మనిషికే తెలియదు.

లెక్కలు వచ్చినాక కౌలుకు భూమి చూసే పని జొన్న విత్తే అదును లోపలే కావాలి. నాగళ్ళు, ఎడ్లు ఎవరి దగ్గర ఉన్నాయో ఆ పేర్లు ఇప్పుడే చెప్పండి. ఆ మూల కూచున్న అక్కల కాణ్ణుంచి మొదలుపెడదాం, పుస్తకం ఇటు తెండి.